హ్యాండ్‌సమ్, లుంగీ, పెళ్ళిచూపులు

సగం మొహం మాస్కులో దాచుకుని తిరిగిన ఆ రోజులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నాకు ఒకటే దిగులు. నేను రాష్ట్రం కాని రాష్ట్రంలో, హజీరా ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఇంజనీరుని. లాక్‌డౌన్‌లో మెస్ మూతపడితే, కంపెనీ క్వార్టర్‌లో ఒంటరిగా రొట్టెలు కాల్చుకుంటూ (రొట్టెలకంటే వేళ్ళే ఎక్కువ కాలేవి), తోచక ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చదువుకుంటూ ఉండేవాణ్ణి. చదివింది ఎవరికైనా చెప్పకపోతే తిన్నది అరిగేది కాదు. ఇంతలో మా అత్తయ్య అక్కడికి దగ్గర్లోనే, మన తెలుగువాళ్ళుండే పర్వత్ పాటియాలో ఒక సంబంధం చూసింది. అమ్మాయి ఫోటో చూశాక నాకు నిద్ర కరువైంది. దారులన్నీ మూసేశారు కాబట్టి పెళ్ళిచూపులు వీడియో కాల్‌లోనే అన్నారు.

ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని (కింద లుంగీయే, ఎవరు చూడొచ్చారని) కూర్చున్నాను. మధ్యలో ఒకసారి ఫోన్ జారితే మళ్ళీ నిలబెట్టాను. అవతల అమ్మాయి, వాళ్ళ నాన్న, నానమ్మ. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని నడిపిస్తారని విన్నాను గానీ, నానమ్మ నా మీద పడింది. "జర లేచి నడువు బిడ్డా, చూస్త" అంది. నా గుండె లుంగీలోకి జారింది. వాళ్ళ నాన్న కల్పించుకుని "ఎందుకమ్మా, పిల్లగాడు హ్యాండ్‌సమ్‌గనే ఉన్నడు" అన్నారు. ఆ మాటనే పట్టుకుని వేలాడాను.

"హ్యాండ్ అంటే చెయ్యి కదండీ, దానికి సమ్ అనే తోక తగిలించారు. మొదట్లో చేతికి వీలుగా ఉన్నది, అందుబాటులో ఉన్నది అని అర్థం. అందం తర్వాతెప్పుడో వచ్చి చేరింది" అంటూ చేతులు తిప్పుతూ దంచేశాను.

"గిదేందిరా, పిల్లను చూస్తుండా, పాఠం చెప్తుండా?" అంది నానమ్మ. ఇక నా పెళ్ళి అయినట్టే అనుకున్నాను.

అప్పటిదాకా పెదవి విప్పని అమ్మాయి ముందుకు వంగి, "ఆ చేతులకేమైంది?" అని అడిగింది.

"రొట్టెలు కాలుస్తుంటే..."

"మీరే చేస్కుంటరా?"

"ఆ. గుండ్రంగా మాత్రం రావు."

ఆమె నవ్వింది. "బస్ నానమ్మా, నడిపియ్యకు. నాకు నచ్చిండు" అంది. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు నుదురు తలంతా ఆక్రమిస్తోంది. అందం అనే అర్థం నాకు చెల్లదు. మొదటి అర్థాన్ని మాత్రం మా ఆవిడ వదలలేదు, ఇంట్లో రొట్టెలు ఇప్పటికీ నావే. లుంగీ సంగతి ఇన్నాళ్ళూ దాచి, మొన్న పెనం ముందు నిలబడి చెప్పేశాను.

"ఫోన్ జారినప్పుడే చూసిన" అంది పిండి ముద్ద అందిస్తూ. "అందుకే కద, నడిపియ్యకు అన్న."