అత్తమ్మ కడగని స్పాంజి

మొన్న ఆదివారం పీర్జాదిగూడలో మా చిన్నోడి ఫ్లాటుకు వెళ్లేసరికి, కోడలు కొత్త చేపల తొట్టి ముందు కూర్చుని, నీళ్లలో ముంచి తీసిన కాగితం పట్టీని డబ్బా మీది రంగులతో పోల్చి చూస్తోంది. నిమిషంలో సంగతి తేలిపోయింది, ఇంకా చేపలు వేయరాదట. మల్లాపూర్ ఫ్యాక్టరీ ల్యాబులో నీళ్ల పరీక్షలతోనే తల నెరిసినదాన్ని, ఆ పట్టీని చూసి కాసేపు ఉడుక్కున్నాననే చెప్పాలి. ఈ రంగుల కోసమే ఒకప్పుడు మా అత్తమ్మా నేనూ నెలన్నర పాటు రోజూ గాజు గొట్టాల ముందు కూర్చున్నాం మరి.

అప్పట్లో నాచారంలో అత్తమ్మ సొంతింట్లోనే అందరం ఉండేవాళ్లం. చుట్టూ పొలాలున్న రోజుల్లో ఆమె చెయ్యి చల్లనిదని పేరు, ఎవరింట్లో బీరపాదు పెట్టాలన్నా తొలి విత్తనం ఆమె చేతనే వేయించుకునేవారట. మామ పోయాక ఆ పిలుపులు ఆగిపోయాయి. ఎందుకో మన తరం వాళ్లకు వేరే చెప్పాలా, మొగుడు పోయిన ఆడదాన్ని ఎదురు రానివ్వని రోజులవి. ఆమె గోడ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. అది చూడలేక మా ఆయన ఉప్పల్ నుంచి ఒక అద్దాల తొట్టి, నాలుగు బంగారు చేపలు తెచ్చి ఆమె మంచం ఎదుట పెట్టాడు.

వారం తిరక్కుండానే చేపలు ఒక్కొక్కటే పోయాయి. మళ్లీ తెచ్చాడు, మళ్లీ పోయాయి. మూడోసారీ అంతే అయ్యేసరికి అత్తమ్మ అరచేతులు చూసుకుంటూ, "నా చెయ్యే గసొంటిది బిడ్డా. నేను ముట్టుకున్నది ఏదీ బత్కదు" అంది. మర్నాడు తొట్టి నీళ్లు సీసాలో పట్టుకుని ల్యాబుకు పోయాను. చేపలకు విషమైన అమ్మోనియాను పట్టి చూపే మందు చుక్కలు వేశానో లేదో, నీళ్లు ముదురు చాయ్ రంగుకు తిరిగాయి.

మా పెద్దసారు అది చూసి, తొట్టిలోని ఫిల్టరు స్పాంజిని ఎప్పుడు కడిగారని అడిగాడు. ఎప్పుడేంటి, ప్రతి శుక్రవారం! ఇల్లంతా కడిగినట్టే అత్తమ్మ తొట్టి నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లనూ స్పాంజినీ సబ్బుపొడి వేసి తోమి, పైగా చిటికెడు పసుపు వేసేది. ఫ్యాక్టరీ మురికినీళ్లు శుభ్రం చేసే తొట్లలో బురదను మేము పసిబిడ్డలా కాపాడుకునేవాళ్లం, నీళ్లలోని విషాన్ని తినేసేది ఆ బురదలో ఉండే, కంటికి కనిపించని జీవులే కాబట్టి. ఇంట్లో ఆ జీవులనే అత్తమ్మ వారం వారం కడిగేస్తుంటే, పక్కన నిలబడి చెంబుతో నీళ్లు అందించింది నేనే. నా చదువు చట్టుబండలు గాను!

ఈ సంగతి ఆమెకెట్లా చెప్పాలి? చేపలు పోయింది ఆమె చేతుల మీదుగానే కదా. చెప్పకుండా నేనే తొట్టి చూసుకుంటే మాత్రం, తన చెయ్యి చెడ్డదని ఖాయం చేసుకునేది. సారును అడిగి మందు సీసాలు, గాజు గొట్టాలు ఇంటికి తెచ్చాను, స్పాంజిని కడగొద్దని మాత్రం అత్తమ్మతో అన్నాను. ఆ కనిపించని జీవులు మళ్లీ పెరగాలని చేపల్లేని తొట్టిలో అత్తమ్మ రోజూ చిటికెడు మేత వేసేది, సాయంత్రం నేను రాగానే గొట్టంలో నీళ్లు పట్టేది, నేను చుక్కలు వేసేదాన్ని, ఇద్దరం వెలుతురుకు పట్టి రంగు చూసేవాళ్లం. ఉత్త నీళ్లకు బువ్వ పెడుతున్నరని పక్కింటివాళ్లు ఒకటే నవ్వు. మూడు వారాలకు చాయ్ రంగు పలచబడింది గానీ రెండో మందు వేసిన గొట్టంలో గులాబీ రంగు తేలింది, ఒక విషం పోయి ఇంకొకటి వచ్చిందన్నమాట. అదీ పోతుందని, ఓపిక పట్టమని చెప్పాను. పాపం, శుక్రవారం వస్తే ఆమెకు చేతులు ఆగేవి కావు, పాచి పట్టిన స్పాంజిని చూస్తూ చేతులకు కొంగు చుట్టుకుని కూర్చునేది. నెలన్నరకు ఒక సాయంత్రం రెండు గొట్టాలూ తేటగా నిలిచాయి.

మా ఆయన చేపలు తెస్తే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "నువ్వే ఇడువు బిడ్డా, నాతోని వద్దు" అంది. నేనసలే మొండిదాన్ని, చేపలున్న నీళ్ల సంచి ఆమె చేతిలోనే పెట్టాను. చేపల్ని సబ్బు చంపిందనీ, ఇన్ని రోజులూ ఈ నీళ్లను సాకింది ఆమె చెయ్యేననీ చెప్పాను. కళ్లు మూసుకుని చేపల్ని తొట్టిలోకి వదిలింది. ఒక శుక్రవారం పోయింది, ఇంకో శుక్రవారం పోయింది, చేపలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ వానాకాలం అత్తమ్మ, ఎవరూ పిలవకుండానే, మా పెరట్లో తన చేత్తో బీర విత్తనం పెట్టింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. తొట్లు మారాయి, స్పాంజిలు మారాయి, కానీ పాతదాని పాచి నీళ్లు కొత్తదానిలో పిండుకుంటూ, సబ్బు తగలనివ్వకుండా ఇప్పటిదాకా తెచ్చాను. మొన్న ఆ స్పాంజినే తొట్టి నీళ్లతో సహా డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. కోడలు ముక్కు మూసుకుని కుళాయి కింద కడగబోయింది, చెయ్యి పట్టుకుని ఆపి, కొత్త తొట్టిలో ఆమె చేతనే పిండించాను. నీళ్లు మట్టి రంగుకు తిరిగేసరికి ఆ పిల్లకు ఏడుపొక్కటే తక్కువ.

ఎవరి చెయ్యి ఎట్లాంటిదని ఇప్పుడు మా ఇళ్లల్లో ఎవరూ అడగరు, ఆ మార్పు నాకు ఎంతో సంతోషం. అయితే రంగు మారిందా లేదా అని రోజూ సాయంత్రం ఒక గాజు గొట్టం ముందు తలలు ఆనించుకుని కూర్చునే తీరికా పోయింది. నిన్న కోడలు పట్టీ ఫోటో పంపి, అన్ని రంగులూ బాగున్నాయి, చేపలు వేసెయ్యనా అత్తమ్మా అని అడిగింది. నేను వచ్చేదాకా ఆగమన్నాను. మా అత్తమ్మ పక్కన కూర్చున్నట్టు, ఈ పిల్ల పక్కన ఒక్క సాయంత్రమైనా కూర్చోవాలని ఉంది.