కాలర్ బాబాయి ఎడమ చెంప

కుడి ఎడమలు సమానంగా లేకపోతే కాలర్ బాబాయికి ముద్ద దిగదు. ఇది మాటవరసకి అంటున్నది కాదు. ఓసారి హోటల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కళ్లజోడు ఒక పక్కకి వాలి ఉందని ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేసి, వెళ్లి చెయ్యి కడుక్కొని వచ్చి, ఆ జోడు సరిచేసి, అప్పుడు మళ్లీ తినడం మొదలుపెట్టారు. ఆ పెద్దమనిషి ఎవరో ఆయనకి ఈ రోజుకీ తెలియదు.

ముప్పై ఏళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేశారు. కాలర్ రెండు కొసలూ కలిపి చూడటం, నూలుపోగంత తేడా ఉన్నా సుద్దగీత పెట్టి వెనక్కి పంపడం. రిటైరయ్యాక ఫ్యాక్టరీ ఆయన్ని వదిలింది గానీ ఆయన ఊరిని వదల్లేదు. దారిన పోయేవాణ్ణి ఆపి, "బాబూ, ఆ చేతికి రెండు మడతలు, ఈ చేతికి మూడు. ఏదో ఒకటి తేల్చుకో" అంటారు. బ్యాంకుకి వెళితే మేనేజర్ "ఏం పని మీద వచ్చారు?" అనడిగాడు. "పని మీద కాదు, మీ మీసం మీద వచ్చాను" అన్నారు.

సెలూన్ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఈయనంటే హడలు. సెలూన్ వాళ్ల నాన్నది. నాన్నకీ బాబాయికీ స్నేహం ఎంతో, చెవుల ముందు జుట్టు దగ్గర యుద్ధమూ అంత.

"ఎడమది పొడుగు."

"నీ చెవే కిందికి ఉంది."

"నా చెవి నాతోనే పుట్టింది."

"జుట్టు కూడా నీతోనే పుట్టింది. తీసుకుని వెళ్లు!"

అలాంటి నాన్నకి స్ట్రోకు వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, చేతులు తిరిగొచ్చాయి. ఎడమ పక్క మాత్రం రాలేదు. కంచంలో కుడి సగం తినేసి, "ఇంత తక్కువ పెట్టావేంటే?" అని కూతుర్ని కోప్పడేవారు. ఆయన చూపుకి ఏమీ కాలేదనీ, మెదడే ఎడమ పక్కని పట్టించుకోవడం మానేసిందనీ ఇంటికొచ్చే థెరపిస్టు చెప్పింది. కంచం ఎడమ అంచుకి ఎర్ర టేపు అంటించి, "ఈ టేపు కనపడేదాకా తల తిప్పండి అంకుల్" అని రోజూ నేర్పింది. నెల తిరిగేసరికి కంచం ఖాళీ అవడం మొదలైంది.

కానీ నాన్న మనసంతా సెలూన్ కుర్చీ మీదే ఉంది. థెరపిస్టు అద్దం ఎడమ అంచుకీ ఎర్ర టేపు వేసి, కత్తి జోలికి పోవద్దని, గడ్డం గీసే మెషీన్ చేతికిచ్చింది. ముందు నురగ పూసిన బెలూన్ మీద సాధన చెయ్యమంది. "ఇన్నేళ్ల సర్వీసులో బెలూన్‌కి గడ్డం చేసే గతి పట్టిందా!" అని నాన్న ఆ బెలూన్ని అక్కడికక్కడే పేల్చేశారు. మర్నాడు ఓ పాలాయన ధైర్యం చేసి కూర్చున్నాడు. అద్దంలో చూసుకుని, "ఇదేంటయ్యా, సగమే చేశావ్!" అని అరిచి, తువ్వాలుతో సహా వెళ్లిపోయాడు.

నాన్న మెషీన్ గూట్లో పెట్టేశారు. "కుర్చీ అమ్మేద్దాం" అన్నారు. ఆ తర్వాత మూడు వారాలు సెలూన్ గడప తొక్కలేదు. ఏం చెయ్యాలని కూతురు థెరపిస్టుని అడిగింది.

"తప్పు ఎవరైనా ఎత్తి చూపితే కుంగిపోతున్నారు. తనంతట తాను పట్టుకోవాలి. పనయ్యాక 'ఓసారి చూసుకుంటారా?' అని మాత్రం అడగండి" అంది థెరపిస్టు. మాట బాగానే ఉంది. నోరు మూసుకుని రోజూ కూర్చునే మొహం ఎక్కడ దొరుకుతుంది?

దొరికింది. పది రోజుల గడ్డంతో కాలర్ బాబాయి నేరుగా ఇంట్లోకే వచ్చారు. "ఏరా, గడ్డం చేస్తావా, చేతకాదని బోర్డు రాయించమంటావా?" నాన్న ఒక్క ఉదుటున లేచారు.

అమ్మాయి బాబాయిని పక్కకి లాగింది. "బాబాయ్, మీకు దండం పెడతాను. మీరు మాత్రం వద్దు."

"ఏం, నా మొహానికేం తక్కువ?"

"మొహానికేం తక్కువ లేదు. మీ నోరంటేనే భయం. తప్పు ఎవరూ ఎత్తి చూపకూడదు, నాన్నే పట్టుకోవాలట."

మొదటి రోజు కుడి చెంప నున్నగా వచ్చింది, ఎడమ చెంప అలాగే ఉండిపోయింది. బాబాయి అద్దంలో చూసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి, చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకున్నాయి. "ఓసారి చూసుకుంటారా నాన్నా?" అంది అమ్మాయి. "చూశాను, బాగుంది" అన్నారు నాన్న. "బాగుంది" అన్నారు బాబాయి కూడా, ఆముదం తాగిన మొహంతో.

ఇక రోజూ ఇదే వరస. కుడి చెంప అద్దంలా మెరుస్తోంది, ఎడమ చెంప పొదలా పెరుగుతోంది. వీధి వీధంతా నవ్వింది. మేనేజర్ బ్యాంకు మెట్లు దిగి వచ్చి మరీ చూసి, తీరిగ్గా మీసం దువ్వుకున్నాడు. పిన్ని అయితే, "ఆ పక్కకి తిరిగి కూర్చోండి. ఇటు చూస్తే పెళ్లికొడుకు, అటు చూస్తే సన్యాసి. నేను కట్టుకున్నది ఒక్కరినే" అంది. బాబాయి ఇంట్లో అద్దాలన్నిటికీ తువ్వాళ్లు కప్పేశారు.

వారం తర్వాత అమ్మాయి ఇక చూడలేకపోయింది. "బాబాయ్, ఇటు రండి. నాన్న చూడకుండా ఆ పక్క నేను తీసేస్తాను."

"ముట్టుకోకు!" అన్నారు బాబాయి. "ఫ్యాక్టరీలో తప్పు దొరికితే కుట్టినవాళ్ల పేరు పుస్తకంలో రాయాలని రూలు. ముప్పై ఏళ్లలో ఒక్క పేరూ రాయలేదు. గీత పెట్టి, ఎవరికీ చెప్పకుండా కుట్టినవాళ్ల చేతికే ఇచ్చేవాణ్ణి. ఇంకొకరు విప్పి కుడితే చొక్కా బాగుపడుతుంది గానీ, ఆ చెయ్యి బాగుపడదమ్మా."

"మరి మీకు ఇబ్బందిగా లేదూ?"

"నిద్ర పట్టి ఏడు రోజులైంది. అది వేరే సంగతి."

ఇన్నేళ్లూ ఈయన్ని ఉత్త సణుగుడు మనిషి అనుకున్నందుకు అమ్మాయికి సిగ్గేసింది. ఆయన మీద ప్రేమా పొంగుకొచ్చింది.

పంతొమ్మిదో రోజు. "ఓసారి చూసుకుంటారా నాన్నా?" నాన్న తల తిప్పారు. ఎర్ర టేపు దాకా వెళ్లిన చూపు వెనక్కి వస్తూ మధ్యలో ఆగిపోయింది.

"ఇదేంట్రా! ఈ పక్కంతా అడవిలా ఉంది! ఎన్నాళ్లయింది?"

"పంతొమ్మిది రోజులు."

"నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావురా ఇన్నాళ్లూ?"

"పని నీది. చూసుకోవాల్సింది నువ్వు."

నాన్న మెషీన్ ఆన్ చేసి, రెండు నిమిషాలకోసారి టేపు దాకా తల తిప్పి చూసుకుంటూ, ఎడమ చెంప పూర్తి చేశారు. బాబాయి తువ్వాలు దులిపి లేచి, అద్దం వైపు కన్నెత్తకుండా గుమ్మం దాకా వెళ్లిపోయారు.

అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. "బాబాయ్, చూసుకోరా?"

"మీ నాన్న చూశాడుగా" అంటూ మెట్లు దిగారు.

అరగంట తిరక్కుండా సెలూన్ ముందు బెంచీ మీద నలుగురు కూర్చున్నారు. నలుగురూ చెంపలు తడుముకుంటున్నారు. "ఏమైందండీ?" అనడిగింది అమ్మాయి.

"ఆ కాలర్ బాబాయి దారికడ్డంగా నిలబడి, 'నీ ఎడమ చెంప గడ్డం ఎక్కువుంది, వెంటనే వెళ్లి చేయించుకో' అన్నాడమ్మా. నిజమేనా?" అన్నాడు వాళ్లలో ఒకాయన.

అమ్మాయి వంగి చూసింది. రెండు పక్కలా గడ్డం నూలుపోగంత తేడా లేకుండా సమానంగా ఉంది.

"నిజమేనండీ" అంది. "వెళ్లి కూర్చోండి. నాన్న చేస్తారు."