క్యాసెట్‌లో లేని పిలుపు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. మొండితనంతో అనే మాట కాదు, నేను చేసిన పని అలాంటిది. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో మా ఆయన సాయిలు, నేను కలిసి వీడియో మిక్సింగ్ దుకాణం నడిపేవాళ్లం. ఆయన పెళ్లిళ్లు తీసేవాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. పాత పెళ్లి క్యాసెట్లు నా దగ్గరికి వచ్చేసరికి వాటిలోని పెద్దవాళ్లు సగంమంది పోయి ఉండేవారు. వాళ్లు నా తెరమీద అక్షింతలు వేసేవారు, విస్తరి ముందు కూర్చుని నవ్వేవారు. వాళ్లను చూస్తూనే నేను టీ తాగేదాన్ని. ఏ రోజూ భయమనిపించలేదు.

అందుకే ఎస్తేరు వాళ్ల నాన్న సంగతి ఇన్నాళ్లూ పెద్దగా ఎవరికీ చెప్పలేదు.

అవి అందరూ పాత వీడియో క్యాసెట్లను సీడీల్లోకి మార్పించుకుంటున్న రోజులు. ఒకరోజు పొద్దున్నే బోధన్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. పేరు ఎస్తేరు, చిన్న బడిలో టీచర్. సంచిలోంచి రెండు క్యాసెట్లు తీసి బల్లమీద పెట్టింది. ఒకటి వీడియోది, ఒకటి టేప్ రికార్డర్‌ది.

“అక్కా, ఇది మా రూతక్క పెండ్లిది. దీంట్ల మా బాపు పాట పాడుతడు. బొమ్మ మంచిగనే వస్తది గని ఆవాజే లేదు. గీ చిన్న క్యాసెట్ల బాపు గదే పాట పాడిండు. గిది తీసి దానికి పెట్టొస్తదా?”

వాళ్ల నాన్న పేతురు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూకం వేసే దగ్గర పనిచేసేవాడట. రూతు పెళ్లయిన ఏడాదికే కామెర్లతో పోయాడు. అప్పటికి ఎస్తేరుకు ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

“పాట క్యాసెట్ల వింటనే ఉంట,” అంది. “గని బాపు మాట్లాడుతె ఎట్లుండెనో యాదికి లేదు. వచ్చే నెల నా పెండ్లి. గా లోపల ఒక్కసారి ఆవాజ్‌తోని సూడాలె.”

వీడియో టేపులో శబ్దం ఒక అంచున ఉంటుంది. ఈ టేపుకు ఆ అంచు చెమ్మకు నలిగిపోయింది. బొమ్మ మిగిలింది, శబ్దమున్న చోట బుస్సుమనే చప్పుడొక్కటే వస్తోంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఆ చప్పుడు మొత్తం తీసేశాను.

తర్వాత చిన్న క్యాసెట్. టేప్ రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వింటూ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. హార్మోనియం, ఒక మగ గొంతు, ఒక కీర్తన, మూడు చరణాలు. రెండో చరణం అయ్యాక కొద్దిసేపు హార్మోనియం ఒక్కటే. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నోటుబుక్కులో రాసుకోవడం నా అలవాటు. ఆ చోట “హార్మోనియం, పదకొండు సెకన్లు, మాట లేదు” అని రాశాను. ఆ పేజీ చాలాకాలం దాచాను కూడా.

మా దగ్గర ఉన్నది చిన్న సాఫ్ట్‌వేర్. అన్నిరకాల పాటల ఫైళ్లనూ తీసుకోదు. ఇది నాకు చెల్లదు అన్నట్టు తెరమీద ఒక డబ్బా చూపించి ఊరుకుంటుంది. దానికి నచ్చే రకంలోకి ఫైలును మార్చి, బొమ్మ కింద శబ్దం పెట్టే పట్టీలో వేశాను. పెదవులకూ పాటకూ కుదురుతుందని నేను అనుకోలేదు. ఎప్పుడో ఇంట్లో పాడింది, ఇంకెప్పుడో పెళ్లిలో పాడింది ఎలా కుదురుతాయి? నోరు కనిపించేచోట చుట్టాల ముఖాలు వేసి కప్పేద్దామని వాటిని ఒక పక్కన కోసి పెట్టుకున్నాను.

సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళ. సాయిలు వెనక కూర్చుని తింటున్నాడు. ప్లే నొక్కాను.

కుదిరింది. మొదటి మాటకు బొమ్మలో పేతురు నోరు తెరిచాడు. పంక్తి చివర ఊపిరి తీసుకుంటే పాటలోనూ ఊపిరి వినిపించింది. మొదటి చరణంలో ఒకచోట ఆయన పక్కకు తిరిగి దగ్గాడు, పాటలోనూ దగ్గు. రెండో చరణం అయిపోయేదాకా వెంట్రుకవాసి తేడా లేదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. ముఖాలు వేసి కప్పే పని తప్పిందని అనుకున్నాను.

రెండో చరణం తర్వాత బొమ్మలో ఆయన ఆగాడు. ఎడమ పక్కకు చూసి చెయ్యి చాపాడు. స్పీకర్‌లో మెల్లగా వినిపించింది.

“ఎస్తేరూ, ఇటు రా బిడ్డా. నా పక్కకు నిలబడు.”

పసుపు గౌను వేసుకున్న చిన్నపిల్ల ఒకతె వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. మూడో చరణం మొదలైంది.

పాట అయిపోయేదాకా నాకు ఏమీ తట్టలేదు. తర్వాత నోటుబుక్కు చూశాను. సాయిలు చెయ్యి కడుక్కోకుండానే వచ్చి వెనక నిలబడ్డాడు.

“నువ్వేమన్న మాటలు కలిపినవా?”

“నేనెక్కడికెళ్లి తెస్త? ఆయన గొంతు నా దగ్గర ఇదొక్కటే ఉన్నది.”

క్యాసెట్ మళ్లీ టేప్ రికార్డర్‌లో వేశాం. ఇద్దరం విన్నాం. హార్మోనియం ఒక్కటే, పదకొండు సెకన్లు. దగ్గు కూడా లేదు. కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ వింటే దగ్గూ ఉంది, పిలుపూ ఉంది. క్యాసెట్‌ను మరోసారి కంప్యూటర్‌లోకి తీసుకున్నాను. ఈ రెండో ఫైల్‌లో మాట లేదు. బొమ్మ కింద వేస్తే రెండు పంక్తులు దాటకముందే పాట ఒక దారి, పెదవులు ఒక దారి అయ్యాయి. క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఎప్పుడో విరిచేసి ఉన్నాయి. అలా విరిస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు.

రెండు రోజులకు ఎస్తేరు వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లమ్మ పేరు కమలమ్మ. ఏమీ చూపించకముందే నేను ఆమెను ఒక మాట అడిగాను. ఈ పాట ఎప్పుడు రికార్డు చేశారమ్మా అని.

“రూతు ఐదో తరగతిల ఉన్నప్పుడు,” అంది కమలమ్మ. “కొత్తగ టేప్ రికార్డర్ తెచ్చిండు. గా ఐతారం చర్చికి పొయ్యొచ్చి పాడి నింపిండు. గప్పటికి ఎస్తేరు నా కడుపుల కూడ లేదు.”

ఆ పేరు మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నాను.

“ఎవ్వలకు లేదు బిడ్డా. బాప్తిస్మం నాడు పాస్టరయ్య పెట్టిండు. ఎందుకు అడుగుతున్నవ్?”

చూస్తే తెలుస్తుందన్నాను. ప్లే నొక్కాను.

ఎస్తేరు మొదట నవ్వుతూ చూసింది, వాళ్ల నాన్న మెడలో ఉన్న టై వంకరగా ఉందని. పిలుపు దగ్గరికి వచ్చేసరికి కుర్చీ అంచుకు జరిగింది. పాట అయిపోయాక అది ఒక్కటే మళ్లీ పెట్టమంది. పెట్టాను. మూడుసార్లు విన్నది.

“బాపు గింత మెల్లగ మాట్లాడుతుండెనా అమ్మా?”

“అవ్ బిడ్డా. ఎవ్వలను గట్టిగ అనకపోతుండె. ఫ్యాక్టరీల బండ్లోల్లు కూడ, ఏందయ్యా పేతురు, జర గట్టిగ చెప్పరాదు అంటుండిరి.”

ఇద్దరూ ఏడవలేదు. చాలాసేపు ఆయన గురించి మాట్లాడుకున్నారు. ఆయన చెరకు గడను పళ్లతో చీల్చి ముక్కలు చేసి పిల్లలకు ఇచ్చేవాడని, పాత సైకిల్‌కు బెల్లు లేక దారిలో అడ్డమొచ్చినవాళ్లను మెల్లగా పేరుపెట్టి పిలిచేవాడని కమలమ్మ చెబుతుంటే, ఎస్తేరు ఒక్కోదాన్నీ రెండుసార్లు చెప్పించుకుంది.

అప్పుడు నేను ఉన్నదంతా చెప్పాను. నోటుబుక్కు చూపించాను, క్యాసెట్ వినిపించాను. కమలమ్మ క్యాసెట్‌ను చేతిలోకి తీసుకుంది.

“పెండ్లిల పాట నడుమ ఆగి దీన్ని పిలిచింది నిజమే. నేను ఆడనే ఉన్న. మల్ల గిది ఎట్లొచ్చిందో నాకెర్కలేదు. వచ్చింది కద, చాలు.”

సీడీ తీసుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. పెళ్లికి మమ్మల్ని పిలిచారు, వెళ్లాం. విందులో ఆ సీడీ వేశారు. మాట అలాగే ఉంది. వందమంది విన్నారు. అందులో వింత ఉందని వాళ్లెవరికీ తెలియదు.

తర్వాత టీవీలు బాగుచేసే ఒకాయనను అడిగాను. పెళ్లి టేపులో చచ్చిపోయిందనుకున్న శబ్దం ఎక్కడో కలిసి ఉంటుందన్నాడు. అదే అయితే పెళ్లిలోని జనం చప్పుడు, గిన్నెల చప్పుడు కూడా రావాలి కదా. ఆ మాట వెనక హార్మోనియం తప్ప ఏ చప్పుడూ లేదు. ఇంట్లో, మూసిన గదిలో మాట్లాడినట్టు ఉంది.

వాళ్లు సీడీ తీసుకుపోయిన రోజు నేను తొందరగా ఇంటికి వెళ్లాను. మా అమ్మాయి వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. గడపలో నిలబడి పేరుపెట్టి పిలిచాను.

“ఏందమ్మా?” అంది, ఒంటికాలి మీదే.

“ఏం లేదు, ఆడుకో,” అన్నాను.

నేను ఎందుకు పిలిచానో నాకు తెలుసు. పేతురు ఎలా పిలిచాడో మాత్రం ఈరోజుకీ తెలియదు.