రెండు మూరలు ఎడమకు

ఆ బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పే టీచరుకు పిల్లలు పెట్టిన పేరు గుండ్రాల టీచర్. సుద్దముక్క పట్టుకుని, భుజాన్ని ఒక్కసారి తిప్పి బోర్డు మీద వృత్తం గీసేవారు. తర్వాత వృత్తలేఖిని పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆమె గురించి చెప్పుకోదగ్గ విషయం ఇంతకుమించి లేదు. ఉన్నా, దాన్ని నమోదు చేయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

నమోదు చేయదగ్గ సంఘటన బడి తెరిచిన రెండో వారంలో జరిగింది. తరగతికి స్మార్ట్ స్క్రీన్ వచ్చింది. బిగించడానికి వచ్చినవాళ్లు పద్ధతి తెలిసినవాళ్లు. గోడ నడిమధ్యన బిగించాలని వాళ్ల కాగితంలో ఉంది. టేపు పెట్టి కొలిచి నడిమధ్యనే బిగించారు. అక్కడ అప్పటికే ఒక బోర్డు ఉందన్న సంగతి కాగితంలో లేదు. ఆరు మూరల బోర్డులో ఇటు ఒక మూర, అటు ఒక మూర మిగిలాయి. సిద్ధాంతానికి పటం ఎడమ ముక్క మీద, నిరూపణ కుడి ముక్క మీద రాయాల్సి వచ్చింది. నడుమనున్న నల్లటి అద్దంలో పిల్లలు జుట్టు సరిచేసుకునేవారు. మొదటి నెలలో స్క్రీన్ విద్యారంగానికి చేసిన సేవ అదే.

ఆమె సాంకేతికతకు శత్రువు కారు. నిజాయితీగానే ప్రయత్నించారు. స్క్రీన్ నిద్ర లేవడానికి పదకొండు నిమిషాలు పట్టేది. లేచాక ఆమె వేలితో వృత్తం గీస్తే, అది కాసేపు ఆలోచించి, ఆమె పొరపాటును సరిదిద్ది, కోడిగుడ్డుగా మార్చింది.

ఇంతలో పై ఆఫీసు నుంచి ఫారం వచ్చింది: ఈ ఏడాది మీ బోధనలో సాంకేతికతను జోడించడానికి మీ లక్ష్యాలేమిటి? ఆమె ఒక్కటే రాశారు: ‘స్క్రీన్‌ను రెండు మూరలు ఎడమకు జరపడం. అప్పుడు కుడివైపు మూడు మూరల బోర్డు ఒకేచోట దొరుకుతుంది.’

హెడ్మాస్టరు అది చదివి కళ్లజోడు తీశారు.

“ఇది లక్ష్యం కాదు టీచరమ్మా, ఫిర్యాదు. లక్ష్యమంటే మనం మారాలి. గోడలు కాదు.”

ఆ ఆదివారం భోజనానికి వచ్చిన ఆడపడుచు ఫారం చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె ఒక ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఉత్తరాలు తయారుచేస్తున్న మనిషి.

“వదినా, నువ్వు మనుషులకు అర్థమయ్యేలా రాశావు. ఫారాలు చదివేది మనుషులని నీకెవరు చెప్పారు?” అని తనే కలం అందుకుంది. ‘బోధనా ఉపరితలాల సమన్వయ వినియోగానికి అనువుగా సాంకేతిక సాధనపు స్థానాన్ని పునఃసమీక్షించడం’ అని రాసింది.

వారంలో ఆమోదం వచ్చింది, ప్రశంసతో సహా. ఆ వెనకే ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. టీ తాగి, టేపు పెట్టి, స్థానాన్ని పునఃసమీక్షించింది. స్క్రీన్ సరిగ్గా గోడ నడిమధ్యనే ఉందని తేల్చింది. లక్ష్యం నూటికి నూరు శాతం నెరవేరినట్టు నమోదైంది. ఆడపడుచు మూడు రోజులు వదిన ఫోన్ ఎత్తలేదు.

అర్ధసంవత్సర పరీక్షలో జ్యామితి వరకు చూస్తే నలభై ఒక్కరిలో తొమ్మిదిమంది గట్టెక్కారు. చివరి పరీక్షకు ముందు పెట్టే పరీక్షలోనూ ఇలాగే ఉంటే వచ్చే ఏడాది పదో తరగతిని కొత్తగా వచ్చిన టీచరుకు అప్పగిస్తామని హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పారు. ఆమె సాంకేతికతతో కలిసిపోలేకపోతున్నారని ఆయన నిర్ధారణ. పదో తరగతి పోతే ఆమెకు మిగిలేవి కింది తరగతుల కూడికలూ తీసివేతలే. వృత్తాల నిరూపణలు అక్కడ ఉండవు.

మర్నాడు ఆమె తరగతిని వరండాలోకి నడిపించారు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, సిమెంటు గచ్చు మీద మోకాళ్లూనారు. గచ్చంత వృత్తానికి భుజం చాలదు కాబట్టి, ఇరవై ఆరేళ్లలో తొలిసారి, అభిమానం చంపుకుని దారానికి సుద్దముక్క కట్టారు. దారం రెండో కొస పట్టుకుని ఒక పిల్ల మధ్యలో కూర్చుంది. గీత పూర్తయ్యాక చూస్తే, పిల్ల లోపలే ఉండిపోయింది.

“బయటికి వచ్చేయనా టీచర్?”

“కదలకు. కేంద్రం నువ్వే.”

“కదిలితే ఏమవుతుంది?”

“అందరి లెక్కా తప్పుతుంది.”

“వాళ్లింట్లో కూడా ఇంతే టీచర్. ఇది లేస్తేగానీ ఎవరికీ అన్నం పెట్టరు,” అన్నాడు వాళ్ల పక్కింటి పిల్లవాడు.

స్పర్శరేఖ వృత్తాన్ని ఒక్కచోటే తాకుతుందని ఆ రోజు పిల్లలు గీత మీద నడిచి, బొటనవేలితో తెలుసుకున్నారు. అలా రెండు నెలలు గడిచాయి. ఆమె మోకాళ్లకు మందు పట్టీలు వచ్చాయి. హెడ్మాస్టరు చెప్పిన ఆ పరీక్షలో ముప్పై నలుగురు గట్టెక్కారు.

హెడ్మాస్టరు స్వయంగా స్టాఫ్ రూముకు వచ్చారు. ఒక చేతిలో ‘స్మార్ట్ స్క్రీన్‌తో సాధించిన విజయం’ అన్న నివేదిక, రెండో చేతిలో వచ్చే ఏడాది టైంటేబులు. ముందు ఏది బల్ల మీద పెట్టాలో ఆయనకు బాగా తెలుసు. నివేదిక పెట్టారు. ‘విజయానికి కారణం’ అన్న చోట ఖాళీ ఉంది.

“రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి చాలు,” అన్నారు.

జ్యామితి చెప్పే మనిషికి కారణం తప్పు రాయడం చేతకాదు. అలాగని పదో తరగతిని వదులుకునే ఉద్దేశమూ ఆమెకు లేదు. ఇలా రాశారు: ‘స్క్రీన్ కారణంగా తరగతి వరండాకు మారింది. పిల్లలు అక్కడ నేర్చుకున్నారు.’

ఆయన మొదటి రెండు మాటలు చదివి తృప్తిగా తలాడించారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టైంటేబులు ఆమె ముందుకు జరిపారు. పదో తరగతి ఎదురుగా తన పేరు ఉందని చూసుకున్నాకే ఆమె కలానికి మూత పెట్టారు.