ఎడం చేతి సంతకం

బోర్డులు రాసే పెయింటరు ఏ అక్షరాన్నయినా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చు గుద్దినట్టు దించేసేవాడు. రాసిన ప్రతి బోర్డు మూలనా తన సంతకం గీకేవాడు. పోయినేడు పక్షవాతం వచ్చి ఆ కుడి చెయ్యి కాస్తా పడిపోయింది. మనిషి మొండిఘటం. ఎడం చేత్తో కుంచె పట్టి, ఇంట్లో ఉన్న పాత రేకులన్నీ ఖరాబు చేసి, మొత్తానికి అక్షరాన్ని మళ్లీ దారికి తెచ్చుకున్నాడు. ఇక అద్దెకో కొట్టు తీసుకుని తెరవడమే తరువాయి. సాయంత్రంలోగా అడ్వాన్సు కట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని కొట్టు యజమాని తెగేసి చెప్పాడు.

డబ్బు తీయడానికి భార్యను వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్లాడు. కౌంటర్లో అమ్మాయి అతని సంతకాన్ని కంప్యూటర్లో ఉన్న పాతదాని పక్కన పెట్టి చూసింది. ఎంతకీ తల ఎత్తదే.

"ఇది మీరే పెట్టారా, బాబాయ్ గారూ?"

"నేను కాక మా ఆవిడ పెట్టిందా?"

"నాకంత ఓపికెక్కడిది తల్లీ," అంది భార్య. "వారం నుంచీ అన్నం నీళ్లు మానేసి ఆ ఒక్క సంతకమే దిద్దుతున్నారు."

"అదేనండీ అనుమానం. ఎవరి సంతకం వాళ్లు గబుక్కున పెట్టేస్తారు. ఇది మెల్లగా బొమ్మ గీసినట్టుంది. ప్రతి మలుపులోనూ కలం ఆగింది. దొంగ సంతకాలే ఇలా ఉంటాయి."

పెయింటరుకి తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లనని ఏం లాభం? బోర్డు దించినట్టే తన సంతకాన్నీ కూర్చుని దించాడు మహానుభావుడు.

"కుడి చెయ్యి పడిపోయింది, ఎడం చేత్తో దించాను. మరిప్పుడెలాగమ్మా?" అన్నాడు.

"పాతది వదిలెయ్యండి. గుర్తింపు కార్డు ఉందిగా, మేనేజరు గారి ముందు ఎడం చేత్తో కొత్త సంతకం పెట్టండి. ఇవాళ్టి నుంచి అదే మీది."

మేనేజరు ముందు కూర్చున్నాక చెయ్యి బిగుసుకుపోయింది. భార్య ఊరుకుంటుందా?

"కొరియరు కుర్రాడు గుమ్మంలో పార్సిలు పట్టుకుని నిలబడితే ఎలా గీకుతారు? అలా గీకండి."

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మూడుసార్లు గీకేశాడు. ఒకటి పక్కకి వాలింది, ఒకటి పొట్టిగా వచ్చింది.

"ఒక్కలా లేవే," అని చిన్నబోయాడు.

"ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి బాబాయ్ గారూ. అలాగే ఉండాలి," అంది వెంట వచ్చిన కౌంటరు అమ్మాయి. మేనేజరు సరేనన్నట్టు కింద తన సంతకం పెట్టాడు.

చీకటి పడకముందే కొట్టు తాళంచెవి చేతికొచ్చింది. మర్నాడు తన కొట్టు బోర్డే తొలి బోర్డుగా రాసుకున్నాడు. అక్షరాలకి పూటంతా పట్టింది. మూలన సంతకం మాత్రం దేన్నీ చూడకుండా ఒక్క ఊపులో పెట్టేశాడు. ఏడాదిగా లేని సంతోషం అతని మొహంలో కనబడింది.

"అదేంటి, అలా వాలిపోయింది?" అంది భార్య.

"వాలనీవే. బ్యాంకువాళ్లే నేనని ఒప్పుకున్నారు, మధ్యలో నీకేం?"