మలుపుల్లో వెలిగిన ఎర్రదీపం

నిజాం పాలన రోజులవి. బెజవాడ నుంచి వెళ్లిన నేను, కామారెడ్డి స్టేషన్లో రైలు నుంచి దించిన ఒక స్పోర్ట్స్ కారును ఎల్లారెడ్డిలోని దొరకు అప్పగించడానికి నడుపుకుంటూ పోతున్నాను. దారిలో స్టీరింగు ముందున్న, ఇంజను నూనె సంగతి తెలిపే చిన్న దీపం ఎర్రగా వెలిగి, అంతలోనే ఆరిపోయేది. ఇంజను పట్టేస్తే నా ఉద్యోగం పోయినట్టే. కారు ఆపి తీగలన్నీ బిగించినా మళ్లీ అదే తంతు.

నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని వస్తున్న ముసలమ్మ ఒకావిడ ఆగి, ఏమైందని అడిగింది. ఇంజనుకు నూనె అందకపోతే వెలిగే దీపమని చెప్పాను.

"ఎప్పుడు ఎలుగుతది బిడ్డా? సక్కగ పోంగనా, మలుపులనా?"

నాకు అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. "మలుపుల్లోనే," అన్నాను.

"అయితే నూనె తక్కువున్నది. కుండ నిండుగ లేకుంటే, నేను మలుపు తిరిగినప్పుడల్ల నీళ్లు ఒక్క దిక్కే పోతయి."

నూనె చూసే కడ్డీ బయటికి తీశాను. కొసన మాత్రమే తడి ఉంది. వెంట తెచ్చిన డబ్బాలోని నూనె పోసి, ముందున్న మలుపు తిరిగి వచ్చాను. దీపం వెలగలేదు.

"మామ్మగారూ, ఇలాంటి కార్లు ఇంతకుముందు చూశారా?"

"యాడ జూస్త బిడ్డా, గిదే మొదలు," అని ఆమె నడిచిపోయింది. కనుమరుగయ్యేదాకా చూస్తూ అక్కడే నిలబడిపోయాను.