విశ్వకర్మ పూజనాడు నాజిళ్ల మందు పోసుకుని రాంచీ వెళ్లాం

జంషెడ్‌పూర్ నుంచి రాంచీకి కారులో వెళ్దామనుకుంటున్నాం, దారి ఎలా ఉంటుంది, ఎంతసేపు పడుతుంది అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇప్పటి రోడ్డు సంగతి నాకంటే మీ ఫోనుకే బాగా తెలుసు. నేను చెప్పగలిగిందల్లా ఎనభైల మధ్యలో ఒక విశ్వకర్మ పూజనాడు మా చిన్నాన్న కారులో ఆ నూట ముప్ఫై కిలోమీటర్లు ఎలా వెళ్లామన్నది. డీజిల్ బండి ఉన్నవాళ్లకి ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. కారు లేనివాళ్లు ఊరికే చదువుకోండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నాన్న టాటానగర్ స్టేషన్లో ఫిట్టరు, మా ఇల్లు పర్సుడీహ్‌లో. రాంచీలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణకి అర్జీ పెట్టాను. దానికి వయసు పరిమితి ఇరవై రెండు. అంటే ఆ ఏడు తప్పితే ఇక నాకు ఆ చదువు లేదు. ఇంటర్వ్యూ కార్డు నిదానంగా నడుచుకుంటూ ముందురోజు మధ్యాహ్నం ఇంటికి చేరింది. రేపు పన్నెండింటికి హాజరు కావాలి, ఆలస్యంగా వస్తే లోపలికి పిలవరు అని రాసుంది. రైలు వేళలు ఒక్కటీ కుదరలేదు. మామూలు రోజైతే తెల్లారుజామున మాంగోలో బస్సెక్కితే నాలుగు గంటల్లో రాంచీ, టిక్కెట్టు పదిహేను రూపాయల లోపు. కానీ ఆ రేపు మామూలు రోజు కాదు. విశ్వకర్మ పూజ అంటే మా ఊళ్లో యంత్రాలకి సెలవు. పానాలు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు కడిగి, బొట్టు పెట్టి దేవుడి ముందు పరుస్తారు. మళ్లీ వాటిని ముట్టుకునేది మర్నాడే. బస్సులకి కూడా అరటి పిలకలు కట్టి స్టాండులోనే నిలబెట్టేస్తారు. నేను కార్డు పట్టుకుని ఏడుపు మొహంతో కూర్చున్నాను.

అప్పుడు వచ్చాడు సింహాచలం చిన్నాన్న. నాన్నకి తమ్ముడు, సిద్ధగోరాలో ఉండేవాడు, ఒక కార్ఖానాలో క్రేను ఖలాసీ. ఎక్కడో పాత పెట్రోలు కారు కొని, దానికి డీజిల్ ఇంజను ఎక్కించి, పెళ్లిళ్లకీ ఆసుపత్రులకీ అద్దెకి తిప్పేవాడు. విశ్వకర్మ పూజ అంటే ఆయనకి ఆటలు కాదు. ఎన్నో ఏళ్ల కిందట పూజనాడు రెంచి పట్టుకున్న తోటి ఖలాసీకి ఆ వారంలోనే క్రేను గొలుసులో వేలు తెగిపోయింది. అది రెంచి పట్టినందుకే అని చిన్నాన్న నమ్మకం. ఎవరెన్ని చెప్పినా అంతే.

"పానా ముట్టకూడదు గానీ స్టీరింగ్ ముట్టకూడదని ఎవుడన్నాడు? నాను తీసుకెల్తాను గుంటని. పన్నెండు కాదు, పదకొండుకే ఆసుపత్రి గుమ్మం కాడ దింపీసి వత్తాను" అన్నాడు. ఆ రాత్రికి నన్ను సిద్ధగోరా తీసుకెళ్లిపోయాడు. అక్కణ్ణుంచైతే మాంగో వంతెన దగ్గర.

కారుకి ఒక జబ్బు ఉండేది. పొద్దున్నే ఓ పట్టాన అంటుకునేది కాదు, అంటుకున్నాక టకటకమని కొట్టుకునేది, వెనకాల నల్లటి పొగ. డీజిల్ని సన్నటి తుంపరగా ఇంజనులోకి చిమ్మే నాజిళ్లు ఉంటాయి కదా, వాటికి మసి పట్టిందనీ, విప్పి శుభ్రం చెయ్యాలనీ సాక్చిలో మెకానిక్ చెప్పాడట. చిన్నాన్న విప్పించలేదు. స్పేర్ పార్టుల దుకాణం వాడు డీజిల్లో కలిపే మందు డబ్బా ఒకటి చేతిలో పెట్టి, ఇది పోస్తే నాజిళ్లు వాటంతటవే కడుక్కుంటాయన్నాడు. అది కొని, మంచి రోజు చూసి పోద్దామని దాచిపెట్టుకున్నాడు. ఆయన దృష్టిలో విశ్వకర్మ పూజని మించిన మంచిరోజు ఏముంటుంది!

తెల్లారకముందే లేచి కారుని తోమి కడిగాడు. పసుపు రాసి, బంతిపూల దండ వేశాడు. డిక్కీలోని పనిముట్ల సంచి తీసి, ఒక్కొక్క పానా తుడిచి, పటం ముందు పీట మీద పేర్చాడు. కొబ్బరికాయ కొట్టాడు. అప్పుడు ఆ డబ్బా నా చేతికిచ్చాడు.

"ఇంగ్లీసులో ఏటి రాసుందో సదువు."

"పది లీటర్లకి ఒక మూత పొయ్యాలట, చిన్నాన్నా."

"ఇరవై లీటర్లున్నాది. రెండు మూతలు! పూజనాడు దేవుడికి మూతలతో కొలిచి పోత్తామేటే? నైవేద్దిం కాదేటి అది?"

దండం పెట్టుకుని డబ్బా మొత్తం ట్యాంకులో కుమ్మరించేశాడు. డబ్బా మీద కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఏదో ఉంది. నేను చదవలేదు. అప్పటికే ఆరున్నర అయింది, బండి కదిలితే చాలని నా గోల నాది. పనిముట్లన్నీ పీట మీదే ఉండిపోయాయి. పూజలో పెట్టినవాటిని తిరిగి డిక్కీలో వేసుకోవడమన్న ఆలోచన ఆయనకి రానే లేదు, నాకూ రాలేదు.

మాంగో వంతెన దాటేసరికి సువర్ణరేఖ నిండుగా ఉంది. డిమ్నా దగ్గర పెద్దరోడ్డు ఎక్కాం. కారు ఎంత బాగా నడిచిందో చెప్పలేను. టకటకలు తగ్గాయి, పొగ తగ్గింది. చిన్నాన్న అద్దంలో వెనక్కి చూసుకుని, "సూసేవా, పొగ లేదు! ఆ మెకానిక్ గాడైతే నాజిల్లన్నీ ఇప్పీసి నన్ను వారం తిప్పేవోడు" అని మురిసిపోయాడు. చాండిల్ దగ్గర ఆగి ధుస్కాలు తిన్నాం. బియ్యం, పప్పు రుబ్బి నూనెలో వేస్తారు, మన గారెకి చుట్టం అనుకోండి. నాలుగు ధుస్కాలు, రెండు టీలు కలిపి మూడు రూపాయలు. అవి వేస్తున్నావిడ కారు మీద దండ చూసి, ఇవాళ కూడా బండి తీశారా అని హిందీలో అడిగింది. "పిల్ల ఉద్యోగం" అన్నాడు చిన్నాన్న. ఉద్యోగం కాదు, శిక్షణ అని నేను సరిదిద్దాను. రెండూ ఒకటే అన్నాడు.

చౌకా దాటాక మొదలైంది. ఎత్తు వస్తే కారు వెనక్కి లాగినట్టు అయ్యేది. చిన్నాన్న గేరు తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. తమాడ్ ఇంకా కొద్ది దూరం ఉందనగా నాలుగు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. ఎనిమిదీ నలభై. రోడ్డు మీద లారీలు కూడా లేవు, అన్నీ పూజలో ఉన్నాయి. చిన్నాన్న బానెట్ ఎత్తి చూసి, డిక్కీ తెరిచి, లోపల మూలమూలలా తడిమాడు.

"పానాలన్నీ పీట మీదున్నాయే" అన్నాడు.

నేను కోపంగా వెళ్లి కారులో కూర్చున్నాను. సీటు కింద దొర్లుతున్న ఖాళీ డబ్బా తీసి ఆ చిన్న అక్షరాలు అప్పుడు చదివాను. పాత ట్యాంకుల్లో మొదటిసారి వాడితే అడుగున పేరుకున్న మడ్డి కరిగి ఫిల్టరుకి అడ్డం పడవచ్చు, ముందు తక్కువ పోయండి, కొత్త ఫిల్టరు దగ్గర ఉంచుకోండి అని ఉంది. ఇంజను మారింది గానీ ట్యాంకు పెట్రోలు నాటిదే. దాని జన్మలోని తుప్పూ, మడ్డీ అంతా ఒక్క డబ్బాతో కదిలి వచ్చేసింది. పొద్దున్న ఇంకో రెండు వాక్యాలు చదివితే నా సొమ్మేం పోయింది!

అర కిలోమీటరు నడిస్తే రోడ్డు పక్కన ఒక మెకానిక్ షెడ్డు ఉంది. మిస్త్రీ మహతో అనే ఆయన, అరవై దగ్గర వయసు, కొత్త ధోవతి కట్టుకుని విశ్వకర్మ బొమ్మ ముందు కూర్చున్నాడు. ఎర్రగుడ్డ మీద పానాలు వరసగా ఉన్నాయి, ఒక్కొక్క దానికీ సింధూరం బొట్టు. సంగతంతా విని, ఫిల్టరు మూసుకుపోయింది, పది నిమిషాల పని అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను.

"రేపు పొద్దున్న చేస్తాను" అన్నాడు.

నేను కార్డు చూపించాను. వయసు సంగతి చెప్పాను. హిందీలో ఏడవడం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. ఆయన జాలిపడ్డాడు, లడ్డూ ఇచ్చాడు, కానీ లేవలేదు. ముప్ఫై ఏళ్లలో ఈ రోజు పానా ఎత్తలేదమ్మా, నా చేత ఎత్తించకు అన్నాడు. నేను చిన్నాన్న వైపు తిరిగాను. ఆయన నా వైపు చూడటం లేదు, ఆ ఎర్రగుడ్డ వైపు చూస్తున్నాడు. కూర్చున్నాడు. లేచాడు. మెడ మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ పానా నువ్వెత్తు అని ఆయనని అడగడానికి నాకు నోరు రాలేదు. అడగకుండా ఉండటానికీ మనసు ఒప్పలేదు.

"మరో సంవత్సరం పెడతారేమోనే?" అన్నాడు మెల్లగా.

"పెడతారు చిన్నాన్నా. నన్ను రానివ్వరు."

ఆయన చెప్పులు విడిచి బొమ్మ ముందుకెళ్లి సాష్టాంగపడ్డాడు. లేచి, మిస్త్రీతో "నీ చెయ్యి కాదు భాయ్, నా చెయ్యి. పాపం నాది" అని హిందీలో చెప్పి, గుడ్డ మీంచి ఒక పానా ఎడమచేత్తో తీశాడు. ఆయన ఎడమచేతి వాటం కాదు. అదేమిటన్నాను.

"పోతే ఈ సెయ్యి పోనీ. కుడిది క్రేనుకి కావాల" అన్నాడు.

మిస్త్రీ ఒక పాత ఫిల్టరు డీజిల్లో కడిగిపెట్టినది గుడ్డ సంచిలో వేసిచ్చి, మాతో కారు దాకా నడిచొచ్చాడు. వచ్చి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పని మాటలతో చేయించాడు. కింది నట్టు వదులు చెయ్, ఫిల్టరు గిన్నె దించు, ఇప్పుడు నేనిచ్చింది పెట్టు, వాషరు మర్చిపోకు. గిన్నెలో డీజిల్ కాదు, కాఫీ డికాక్షన్ లాంటి ముద్ద. తర్వాత పైపుల్లోంచి గాలి తియ్యాలి. పంపు పక్కనున్న చిన్న మీటని బొటనవేలితో నొక్కుతూ ఉండటం నా వంతు. నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా నొక్కమన్నాడు. నా ఇస్త్రీ చీర కుచ్చిళ్ల మీదే ఆ ధార పడింది. ఎడమచేత్తో నట్టు బిగించలేక చిన్నాన్న రెండుసార్లు జారాడు, మిస్త్రీ చేతులు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం చూశాను. పది నిమిషాల పని గంట పట్టింది. డబ్బులివ్వబోతే మిస్త్రీ ఫిల్టరు ఖరీదు మాత్రం తీసుకున్నాడు. పని చెయ్యలేదు, కూలెక్కడిది అన్నాడు. దారిలో ఇంకా మడ్డి వస్తుంది, పానా ఉంచుకోండి, వెనక్కి వచ్చేటప్పుడు ఇవ్వండి అన్నాడు.

వచ్చింది. బుండూ దాటాక తైమారా ఘాటీ ఎక్కుతుండగా మళ్లీ ఆగింది. ఫిల్టరు విప్పి మడ్డి కడగడానికి మళ్లీ ఆయన ఎడమచెయ్యి, గాలి తియ్యడానికి నా బొటనవేలు. ఈసారి ఇరవై నిమిషాలే. నామ్‌కుం దగ్గర పన్నెండు కొట్టింది. ఆసుపత్రి గేటు దగ్గర నేను దిగి పరిగెత్తేసరికి పన్నెండూ పద్దెనిమిది. అయిపోయిందనే అనుకున్నాను, కాళ్లు మాత్రం వాటి పాటికి అవి పరిగెడుతున్నాయి.

వరండాలో బల్ల దగ్గర గుమస్తా నా కార్డు చూసి, నా చీర చూసి, "అంత కంగారెందుకమ్మా? బోర్డువాళ్లే రాలేదు. వాళ్ల బండి డ్రైవరు పూజలో ఉన్నాడు. మూడింటికి మొదలవుతుంది, కూర్చో" అన్నాడు.

నేను కూర్చోలేదు. గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. నవ్వొచ్చింది, దాని వెనకే ఒళ్లు మండిపోయింది. తమాడ్‌లో ఇంకెవరి సాయమైనా దొరికేదాకా ఆగినా అందేదాన్నేమో, చిన్నాన్న పానా ఎత్తాల్సిన పనే ఉండేది కాదేమో. తర్వాత బయటికి వెళ్లాను. చిన్నాన్న కారుకి ఆనుకుని నిలబడి ఎడమచెయ్యి తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. పోని మరకని మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. నన్ను చూసి తుడవడం ఆపేశాడు.

"అందేవేటే?"

"అందాను చిన్నాన్నా. ఇంకో ఐదు నిమిషాలైతే తలుపు వేసేసేవాళ్లట."

ఆయన కళ్లు మూసుకుని ఎవరికో దండం పెట్టాడు. మూడింటికి నన్ను పిలిచారు. సీటు వచ్చింది. తిరుగు దారిలో ఆయన ఆ పానా కడిగి, సింధూరం పెట్టి, మిస్త్రీకి ఇచ్చాడు. తర్వాత నెల రోజులు ఆయన డ్యూటీ నుంచి ఇంటికొచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు. ఆ నమ్మకం నాకు లేదు, అయినా అంతే. ఏమీ కాలేదు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. ప్రతి పూజకీ మనవలని కూర్చోబెట్టి, ఆ రోజు నేను పానా ఎత్తబట్టి మీ అత్త చదువు దక్కింది అని చెబుతాడు. వాళ్లు హిందీలో "ఫిర్ క్యా హువా దాదా", తర్వాతేమైంది తాతా అని అడుగుతారు, ఆయన మళ్లీ మొదటినుంచి చెబుతాడు. నేను పక్కనే కూర్చుని ఔనంటాను. నలభై ఏళ్లుగా అంటున్నాను. ఆయన చదివింది హిందీ బడిలో, తెలుగు అక్షరాలు రావు. అందుకే ఈ సంగతి ఇక్కడ ధైర్యంగా రాయగలిగాను.

ఇక మీకు పనికొచ్చే మాట. నాజిళ్లు శుభ్రం చేసే మందు మంచిదే, డబ్బా మీద రాసిన కొలతకి మించకుండా పోస్తే మసి పట్టనివ్వదు. అరిగిపోయిన నాజిల్‌కి మాత్రం అది వైద్యం కాదు. పాత బండిలో మొదటిసారి పోసేటప్పుడు ముందు ట్యాంకు కడిగించండి, ఒక కొత్త ఫిల్టరు, దాన్ని విప్పే పానా బండిలో పెట్టుకోండి, దూరప్రయాణం రోజున మాత్రం పొయ్యకండి. రాంచీ దారిలో సిద్ధగోరా వైపు వెళ్లి, పూజల గురించి గంటలు గంటలు చెప్పే ముసలాయన ఎవరైనా తగిలితే, మీ అమ్మాయి ఆ రోజు సరిగ్గా వేళకి అందిందట కదా అనండి చాలు.